పరుగెత్తేవాళ్ల కాలు పట్టే ముందు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

మారథాన్ పరుగెత్తేవాళ్లు నీ దగ్గరికి రావడం మొదలైందని చెప్పావు, చాలా సంతోషం. ఫోన్‌లో కుదరని నాలుగు మాటలు రాస్తున్నాను.

వస్తూనే కాలు చాపి, "ఇక్కడ పట్టేసింది, గట్టిగా నొక్కండి" అంటారు. తొందరపడకు. ఈ మూడు వారాల్లో ఎన్ని కిలోమీటర్లు పెంచారు, షూ మార్చారా, నిద్ర సరిగ్గా పడుతోందా అని అడుగు. సగం నొప్పులకు కారణం అక్కడే దొరుకుతుంది.

తర్వాత నొప్పి ఎక్కడో చూపించమను. అరచేత్తో పిక్కంతా తడిమితే చాలావరకు కండ నొప్పే. కాలి ముందు ఎముక మీద ఒకేచోట వేలి మొన పెట్టి "ఇక్కడే" అన్నారా, నీ చెయ్యి వెనక్కి తీసుకో. ఎముకలో సన్నటి పగులు ఉండొచ్చు. నా తొలి రోజుల్లో ఒక కుర్రాడికి అలాంటి నొప్పి మీద పది రోజులు మర్దన చేశాను. చేసినప్పుడల్లా హాయిగా ఉందని మళ్లీ పరుగెత్తేవాడు. చివరికి స్కానింగ్‌లో పగులు బయటపడింది. ఆ సీజనంతా పోగొట్టుకున్నాడు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. ఒక్క పిక్కే వాచి, వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించి, మర్దన చేయకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి పంపు.

ఇక పిక్క సంగతి. పైకి కనబడే కండ కింద సోలియస్ అనే మరో కండ ఉంటుంది. దూరం పరుగెత్తేవాళ్లకు అసలు బరువు మోసేది అదే. కాలు చాచి ఉండగా నొక్కితే పై కండ బిగిసి అడ్డొస్తుంది. బోర్లా పడుకోబెట్టి మోకాలు మడిస్తే అది వదులవుతుంది. అప్పుడు రెండు బొటనవేళ్లను పక్కనుంచి మెల్లగా దిగనివ్వు, వాళ్లు ఊపిరి వదిలినప్పుడే లోతుకు వెళ్లు. ఒకచోట 30 సెకన్లు ఆగి పాదాన్ని పైకీ కిందికీ ఆడించమను. తాడులా తగిలింది మెత్తబడటం నీ వేళ్లకే తెలుస్తుంది. నొప్పి 10కి 5 దాటనివ్వకు. ఊపిరి బిగబట్టారంటే నువ్వు ఎక్కువ నొక్కుతున్నావని. మోకాలి వెనక గుంటలో మాత్రం నొక్కొద్దు, అక్కడ రక్తనాళాలూ నరాలూ ఉంటాయి.

మర్దనకు ముందూ తర్వాతా చీలమండ ఎంత వంగుతోందో గోడ దగ్గర కొలువు. మడమ లేవకుండా మోకాలు గోడకు తగిలేలా వంగినప్పుడు బొటనవేలికీ గోడకీ మధ్య ఎన్ని సెంటీమీటర్లో చూడు, రెండు కాళ్లూ పోల్చు. చేత్తో వచ్చిన సడలింపు ఎక్కువసేపు నిలవదు. అందుకే బల్ల దిగగానే మడమలెత్తే వ్యాయామం చేయించు. పిక్కకు బలం వచ్చేది దానితోనే.

పరుగెత్తేటప్పుడు కండల్లో తయారయ్యే లాక్టిక్ ఆసిడ్‌ను పిండేస్తున్నానని ఎవరికీ చెప్పకు. పరుగు ఆపిన గంటా గంటన్నరలో అది దానంతటదే తగ్గిపోతుంది. మర్నాటి నొప్పి దానివల్ల కాదు. మసాజ్‌తో ఆ నొప్పి కొంత తగ్గుతుంది, టైమింగ్ మెరుగవుతుందని మాత్రం హామీ ఇవ్వకు. రేసుకు ముందు రెండు రోజులు లోతైన మర్దన వద్దు. 42 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిన సాయంత్రం కూడా పైపైనే నిమరాలి.

నువ్వు చెప్పిన మడమ నొప్పి అమ్మాయిని ఒక్క మాట అడుగు: పొద్దున లేచి వేసే మొదటి అడుగుల్లో ఎక్కువా, పరుగు చివర్లోనా? ఏమందో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మీ బాబాయి