వియన్నా వెళ్తున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి పెద్దనాన్న ఆశీస్సులు.

డిసెంబరులో నువ్వు మ్యూనిక్ నుంచి వియన్నా వెళ్తున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోనులో చెప్పాడు. చెప్పి ఊరుకున్నాడా, "ఒక్కతే వెళ్తుందట అన్నయ్యా, నువ్వైనా చెప్పు" అన్నాడు. వెళ్ళవద్దని చెప్పమన్నాడో, జాగ్రత్తలు చెప్పమన్నాడో తేల్చలేదు. నేను రెండోదే అనుకుని కాగితం తీశాను. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. భయం ఒకటీ, ఆ ఊరి వీధులు మళ్ళీ కళ్ళ ముందుకు రావడం ఒకటీ. మా ఇంటి పిల్ల తన డబ్బులతో, తన ఇష్టంతో ఆ ఊరు చూడబోతోందని పొద్దున్నే పాలవాడికి కూడా చెప్పానని మీ పెద్దమ్మ నవ్వుతోంది.

నేనక్కడ పది నెలలున్నాను, 1986 అక్టోబరు నుంచి, ఆఫీసు వాళ్ళు శిక్షణకి పంపితే. అప్పటికి యూరోలు లేవు, షిల్లింగులు. ఇప్పుడు ధరలు నాకు తెలియవు కాబట్టి వాటి జోలికి పోను.

ముందు చిన్న చిన్నవి. మ్యూనిక్ నుంచి రైలు నాలుగు గంటలు, దారిలో సాల్జ్‌బర్గ్ వస్తుంది, కిటికీ పక్క సీటు తీసుకో. మెట్రో స్టేషన్లలో గేట్లు ఉండవు, ఎవరూ ఆపరు. అది చూసి టికెట్టు అక్కర్లేదనుకోవద్దు. కాగితం టికెట్టు కొంటే ప్లాట్‌ఫారం ఎక్కేముందు ఆ చిన్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే కొన్నట్టు కాదు, జరిమానా వంద యూరోలు దాటుతుంది. కుళాయి నీళ్ళు తాగు, సీసా కొనకు. 1873 నుంచి ఆ ఊరికి ఆల్ప్స్ కొండల ఊటనీళ్ళు కాలువ కట్టి తెస్తున్నారు. బూట్లకి అడుగున గాళ్ళు ఉండాలి. గడ్డకట్టిన మంచు మీద ఒకసారి జారి పడితే తెలుస్తుంది నేనెందుకు చెప్తున్నానో. ఆ నెలలో సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుంది, బయట చూడవలసినవి పగలే చూసేయి.

ఆదివారం దుకాణాలు మూసేస్తారు. కూరగాయలు, బ్రెడ్డు, పాలు ఏవీ దొరకవు, పెద్ద రైల్వే స్టేషన్లో ఉన్న కొట్లు తప్ప. మీ నాన్న చెప్పిన తేదీలు క్యాలెండరులో చూశాను, నీ రెండో రోజే ఆదివారం. నా మొదటి ఆదివారం నేను అటుకులు నీళ్ళలో నానబెట్టుకుని తిన్నాను. అవి కూడా మీ బామ్మ బలవంతంగా పెట్టెలో కుక్కినవి.

భోజనం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. హోటల్లో సన్నగా తరిగిన అట్టు ముక్కలు తేలుతున్న సూపు ఒకటి ఇస్తారు. చూడటానికి మన ఇంటి వంటలా అమాయకంగా ఉంటుంది. ఆ నీళ్ళు మాత్రం గొడ్డుమాంసం ఉడికించినవి. నువ్వు అక్కడ ఏం తింటున్నావో నేను అడగను, నువ్వూ నాకు చెప్పకు. తెలియక తినకూడదని మాత్రమే రాస్తున్నాను. ఆపిల్ ముక్కలు పల్చటి పిండిపొరలో చుట్టి కాల్చే స్ట్రూడెల్ మాత్రం రోజూ తిన్నా తప్పులేదు.

ఒపెరా దగ్గరా, స్తెఫాన్ చర్చి దగ్గరా తెల్ల విగ్గులు, ఎర్ర కోట్లు వేసుకున్న మొజార్టులు నిలబడి కచేరీ టికెట్లు అమ్ముతుంటారు. వాళ్ళతో మాట కలపకు. అసలు మొజార్టు, వాళ్ళ పెద్ద సంగీతకారుడు, ఆరేళ్ళప్పుడు, 1762లో, షోన్‌బ్రున్ రాజభవనంలో మహారాణి మరియా థెరిసా ముందు వాయించాడు. ఆ భవనంలో 1441 గదులున్నాయని గొప్పగా చెప్తారు. గది తరవాత గది చూస్తుంటే నాకు నాలుగో గదికే మెడ నొప్పి పుట్టింది. నువ్వు వెనక తోట దాటి గుట్ట ఎక్కు. పైన గ్లోరియెట్ అని ఒక మంటపం ఉంది, అక్కడి నుంచి ఊరంతా కనిపిస్తుంది.

పాత ఊరు చిన్నది, నడిచి తిరగవచ్చు. ఎందుకు చిన్నదంటే, 1857 దాకా దాని చుట్టూ కోటగోడ ఉండేది. తురుష్కులు 1529లో ఒకసారి, 1683లో ఒకసారి వచ్చి ఆగిపోయింది అక్కడే. ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి గోడ కొట్టేయించి ఆ జాగాలో రింగ్ రోడ్డు వేయించాడు. ఒపెరా, పార్లమెంటు, మ్యూజియం అన్నీ ఆ రోడ్డు మీదే వరుసగా ఉంటాయి. మ్యూజియంలో బ్రూగెల్ అనే చిత్రకారుడి గది వెతుక్కో. 1565లో గీసిన బొమ్మ ఒకటుంది, మంచులో వేటగాళ్ళు కుక్కలతో ఇంటికి వస్తుంటారు, దిగువన చెరువు గడ్డకట్టి పిల్లలు ఆడుకుంటుంటారు. వేటగాళ్ళ వీపులే మనకు కనిపిస్తాయి. వెచ్చటి గదిలో నిలబడి చూస్తున్నా నాకు చలేసింది.

యూదుల కూడలిలో ఒక స్మారకం కట్టారు, 2000లో. నేనున్నప్పుడు లేదు. గోడ నిండా సిమెంటు పుస్తకాలేనట, పేరున్న వైపు లోపలికి తిప్పి పెట్టారట, ఏది ఏ పుస్తకమో తెలియదు. చంపేసిన 65,000 మంది ఆస్ట్రియా యూదుల కోసం. నేనున్న రోజుల్లో ఆ సంగతి ఎవరినైనా అడిగితే వాతావరణం గురించి మాట్లాడేవారు. వెళ్ళు, కాసేపు నిలబడు.

మీ తాతగారు అప్పట్లో ఉత్తరం రాశారు, "సుభాష్ బోసు ఉన్న ఊరు కదా, ఆ ఇల్లు చూసి రా" అని. బోసు వైద్యం కోసం వచ్చి 1930లలో అక్కడ ఉన్నారు, ఎమిలీ గారు పరిచయమైనదీ అక్కడే, వాళ్ళ అమ్మాయి పుట్టిందీ అక్కడే. నేను ఇల్లు కనిపెట్టలేకపోయాను. చూశానని అబద్ధం రాశాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

కాఫీ హోటళ్ళకి వెళ్ళకుండా మాత్రం రాకు. మెలాంజ్ అడుగు, పాల నురగతో ఇస్తారు. చిన్న వెండి పళ్ళెంలో కప్పు, పక్కన గ్లాసుడు నీళ్ళు. ఒక్క కప్పు తాగి మూడు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు, నువ్వు అడిగితే తప్ప బిల్లు తీసుకురారు. లోపలికి వెళ్ళగానే "గ్రూస్ గోట్" అనాలి, అది వాళ్ళ నమస్కారం. సర్వర్లు నల్లకోటు వేసుకుని, పిల్లనిచ్చిన మామల్లా బిగుసుకుని ఉంటారు. విసుగ్గా మాట్లాడతారు. నీతోనే కాదు, అందరితోనూ అంతే, వాళ్ళకది వృత్తిధర్మం. నువ్వు మొహం చిన్నబుచ్చుకుని లేచి వచ్చేస్తావని నా భయం.

అసలు ఈ ఉత్తరం రాస్తున్నదే ఆ భయంతో. దొంగల భయం కాదు, ఆ ఊళ్ళో ఆడపిల్ల రాత్రి ట్రాము ఎక్కి రాగలదు. నీ అలక సంగతే నా భయం. పదకొండో ఏట వీణ మాష్టారు అందరి ముందూ "చెవులు ఇంట్లో పెట్టి వచ్చావా?" అన్నారని లేచి వచ్చేశావు. బొబ్బిలి నుంచి నేను తెచ్చిన పనస చెక్క వీణ ఇప్పటికీ మీ అటక మీద దుప్పటి కప్పుకుని ఉంది. ఇంట్లో అందరూ నిన్ను తిట్టారు. నేను తిట్టలేదు, గుర్తుందా? ఎందుకో ఇప్పుడు చెప్తాను.

1987 మార్చిలో మూజిక్‌ఫెరైన్‌లో కచేరీకి వెళ్ళాను. కొత్త సంవత్సరం నాడు టీవీలో చూపిస్తారే, బంగారు హాలు, అదే. 1870లో కట్టినది. వెనకాల నిలబడి వినే చోటుంది, టికెట్టు కాఫీ ఖరీదుకి అటూ ఇటూ. రెండు గంటలు వరుసలో నిలబడి ముందు చోటు సంపాదించాను. షూబర్ట్ అని ఆ ఊరి సంగీతకర్త రాసిన అసంపూర్ణ సింఫనీ. 1822లో రెండు భాగాలు రాసి ఆపేశాడు, ముప్ఫై ఒక్క ఏళ్ళకే పోయాడు. కాగితాలు స్నేహితుడి ఇంట్లో ఉండిపోయాయి. 1865 డిసెంబరులో గానీ ఎవరూ వాయించలేదు.

కింది స్థాయిలో, వినిపించీ వినిపించనట్టు మొదలైంది. కాసేపటికి చెల్లోలు, అంటే వాళ్ళ పెద్ద వయొలిన్లు, ఒక పాట అందుకున్నాయి. నాకు వాళ్ళ సంగీతం ఓనమాలు రావు. కానీ లెక్క మూడు. మన రూపక తాళం. రెండు దెబ్బలు, ఒక విసురు. విజయనగరంలో పుట్టినవాణ్ణి, చెయ్యి ఊరుకుంటుందా? తొడ మీద వేస్తున్నాను, మడమ కూడా కలిపాను. ఆ హాలు చెక్కనేల కింద ఖాళీ ఉంటుందట, వీణకి కుండ ఉన్నట్టు. నాదం నిలవడానికి అదీ ఒక కారణమంటారు. నా మడమ నాదం కూడా నిలిచింది. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. నాకు తెలియలేదు, కళ్ళు మూసుకుని ఉన్నాను. ఇంతలో నా చేతి మీద ఒక చెయ్యి పడింది. సన్నటి, చల్లటి చెయ్యి. కళ్ళు తెరిచాను. పక్కన ఒక ముసలావిడ, మీ బామ్మ వయసుండవచ్చు. ఏమీ అనలేదు, చెయ్యి తియ్యలేదు కూడా. ఆ భాగం అయ్యేదాకా అలాగే పట్టుకుని ఉంది, బడిపిల్లవాడి చెయ్యి పట్టుకున్నట్టు. నా చెవులు కాలిపోయాయి.

విరామంలో ఆవిడ నా వైపు తిరిగి ఏదో చెప్పబోయింది. నేను నిలబడలేదు. మెట్లు దిగి, కోటు తీసుకుని, మంచులో గదిదాకా నడిచి వచ్చేశాను. మీ పెద్దమ్మ అల్లిన మఫ్లరు నేను నిలబడ్డచోటే వదిలేశాను. మర్నాడైనా అడగడానికి పోలేదు. తరవాత ఇంకా నాలుగు నెలలు అదే ఊళ్ళో ఉన్నాను. ఆ హాలు నా ట్రాము దారిలోనే ఉంది, రోజూ దాని ముందు నుంచే వెళ్ళేవాణ్ణి. ఒక్కసారి కూడా దిగలేదు. చెరువు మీద అలిగినవాడి సామెత ఉంది కదా, పూర్తిగా రాయను, నీకు తెలుసు.

చాలా ఏళ్ళ తరవాత, ఒక జనవరి ఒకటిన, మీ పెద్దమ్మతో కూర్చుని టీవీలో ఆ హాలు కచేరీ చూస్తున్నాను. చివర రాడెట్‌స్కీ మార్చ్ వాయించారు. వాయిద్యబృందం నాయకుడు వాళ్ళ వైపు వీపు తిప్పి, జనం వైపు తిరిగి చెయ్యి ఊపాడు. హాలంతా చప్పట్లతో తాళం వేసింది! ముత్యాల దండల ముసలమ్మలు, నల్లకోట్ల పెద్దమనుషులు, అందరూ. అది అక్కడి ఆచారమట, ఏటేటా చేస్తారట. వేయవలసిన చోట వాళ్ళూ వేస్తారు. నేను నాలుగు నెలలు అలిగింది వీళ్ళ మీదా? మీ పెద్దమ్మ "ఎందుకు కళ్ళు తుడుచుకుంటున్నారు?" అంది. మఫ్లరు గుర్తొచ్చిందన్నాను.

కాబట్టి నీకు ఒకటే గట్టిగా చెప్తున్నాను. ఎవరైనా కళ్ళెర్రజేస్తే లేచి వచ్చేయకు. ముసలావిడ ఎవరైనా ఏదో చెప్పబోతే విను, నీకు జర్మన్ వచ్చు కదా. నాకు ఆవిడ ఏం చెప్పబోయిందో ఇప్పటికీ తెలియదు.

ఆఖరి రోజు వీలుంటే 71 నంబరు ట్రాము ఎక్కి పెద్ద శ్మశానానికి వెళ్ళు. శుభమా అని ప్రయాణంలో శ్మశానమేమిటని మీ అమ్మ అంటుంది, చెప్పకు. ఎవరైనా పోతే "71 ఎక్కాడు" అంటారు ఆ ఊళ్ళో. బ్రతికున్నవాళ్ళు ఇరవై లక్షలైతే అక్కడ పడుకున్నవాళ్ళు ముప్ఫై లక్షలు. బీథోవెన్, షూబర్ట్ దగ్గర దగ్గరే ఉంటారు, 1888లో తెచ్చి అక్కడ పెట్టారు. నా బదులు షూబర్ట్ దగ్గర ఒక నిమిషం నిలబడు.

మూజిక్‌ఫెరైన్‌లో నిలబడి వినే టికెట్టే కొను, మంచి సీటు కొనడానికి నేను డబ్బు పంపను. కోటు బయట ఇచ్చేయాలి, జేబులుండవు. చేతులు కట్టుకుని నిలబడు. భాగానికీ భాగానికీ మధ్య ఆగినప్పుడు చప్పట్లు కొట్టకు, పక్కవాళ్ళు కొట్టినప్పుడే కొట్టు. బూటులో బొటనవేలు మాత్రం నీ ఇష్టం, అది ఎవరికీ కనిపించదు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న

మళ్ళీ రాస్తున్నాను: బ్రెడ్డు శనివారం సాయంత్రమే కొనుక్కో. మీ పెద్దమ్మ అటుకులు పార్సిలు చేస్తానంటోంది, నవ్వకుండా తీసుకో.