ఆడియన్స్ పోల్‌ని నమ్మొచ్చా?

ప్రశ్న: క్విజ్ షోల్లో ఆడియన్స్ పోల్ తీసుకుంటే దాదాపు ప్రతిసారీ సరైన జవాబే వస్తుంది. అక్కడ కూర్చున్నవాళ్లంతా అంత తెలివైనవాళ్లా? లేక వాళ్లకి ముందే చెప్పేస్తారా?

జవాబు: ముందే చెప్పక్కర్లేదండీ, అందరూ తెలివైనవాళ్లు కావాల్సిన పనీ లేదు. వందమంది ఉన్నారనుకోండి, జవాబు నిజంగా తెలిసింది 20 మందికే. మిగతా 80 మంది గుడ్డిగా ఏదో ఒక బటన్ నొక్కేస్తారు, ఆ ఓట్లు నాలుగు ఆప్షన్లకీ ఇరవయ్యేసి చొప్పున పంచుకుపోతాయి. అంటే సరైనదానికి 40, మిగతా మూడింటికీ ఇరవయ్యేసి. స్క్రీన్ మీద ఒక గీత మిగతావాటికి రెండింతలు లేచేసరికి హాలంతా పండితులే ఉన్నారనిపిస్తుంది! తెలియనివాళ్ల తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి, అంతే.

కాకపోతే ఎవరి ఓటు వాళ్లదే అయ్యుండాలి. అందుకే తలా ఒక కీప్యాడ్ ఇస్తారు, టైం అయ్యేదాకా లెక్క చూపించరు. అదే చేతులెత్తమంటే పక్కవాళ్లని చూసి ఎత్తేవాళ్లే ఎక్కువ. ఇంత ఏర్పాటు చేశాక కూడా, పోల్ అడిగే ముందే "నాకైతే బి అనిపిస్తోంది" అని పైకి అనేసే కంటెస్టెంట్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తెలియనివాళ్లంతా ఆ బి మీదే నొక్కుతారు, ఈయనేమో చూశారా, అందరూ నా మాటే అన్నారని మురిసిపోతాడు.

ప్రశ్న: ఆడియన్స్ తప్పు చెప్పిన సందర్భాలు లేవా? దానికన్నా ఫ్రెండ్‌కి ఫోన్ చేయడం మేలు కదా?

జవాబు: 2004లో ఒక అమెరికన్ జర్నలిస్టు ఇచ్చిన లెక్క ప్రకారం అక్కడి షోలో ఆడియన్స్ 91 శాతం సార్లు కరెక్ట్, ఫోన్ ఎత్తిన ఫ్రెండ్స్ 65 శాతం సార్లు. అయితే ఈ పోలిక పూర్తిగా న్యాయమైందేం కాదు. జనాన్ని సాధారణంగా తేలిక ప్రశ్నలకి అడుగుతారు, ఫ్రెండ్‌ని మాత్రం పీకల మీదికి వచ్చాక పిలుస్తారు.

బోల్తా పడ్డ సందర్భాలూ ఉన్నాయి. ఫ్రాన్స్ షోలో భూమి చుట్టూ తిరిగేది ఏదని అడిగితే ఆడియన్స్‌లో 56 శాతం సూర్యుడన్నారు, చంద్రుడన్నది 42 శాతమే. పాపం కంటెస్టెంట్ మెజారిటీని నమ్మి సూర్యుడికే లాక్ చేయించి ఓడిపోయాడు. రోజూ సూర్యుడు అటు నుంచి ఇటు వెళ్లడమే కదా చూస్తాం, తెలియనివాళ్లంతా ఒకే పక్కకి ఒరిగారు (కొందరు ఆటపట్టించడానికే నొక్కారేమో కూడా!). తప్పు జవాబే నిజంలా కనిపించే ప్రశ్నకి పోల్ తీసుకోకపోవడమే మంచిది. సినిమాలు, క్రికెట్, రోజూ వార్తల్లో నలిగే విషయాలైతే కళ్లు మూసుకుని తీసుకోండి, మధ్యయుగాల రాజవంశం లాంటిదైతే ఆ సబ్జెక్ట్ చదివిన ఒక్క ఫ్రెండ్ చాలు.

ప్రశ్న: ముందు ఫిఫ్టీ ఫిఫ్టీ వాడి (అదే, రెండు తప్పు ఆప్షన్లు తీసేయించి), తర్వాత పోల్ తీసుకుంటే ఇంకా గట్టిగా తేలుతుందా?

జవాబు: చాలామంది అలాగే అనుకుంటారు గానీ, పై లెక్కే మళ్లీ వేసి చూడండి. ఆప్షన్లు రెండే మిగిలితే ఆ 80 మంది చెరిసగం అవుతారు, 60-40 వస్తుంది. తేడా అదే 20, కానీ ఇందాక సరైనదానికి రెండింతలు కనిపించిన ఆధిక్యం ఇప్పుడు ఒకటిన్నర రెట్లే. పైగా గుడ్డి ఓట్లలో ఇటువి పది అటు పడితే చాలు, 50-50 అయి ఏదీ తేలదు. ముందు పోల్ తీసుకుని, రెండు గీతలు పోటాపోటీగా వస్తే అప్పుడు ఫిఫ్టీ ఫిఫ్టీ అడగడమే నయం, ఆ రెండిట్లో ఒకటి ఎగిరిపోయే ఛాన్స్ ఉంటుంది.

ప్రశ్న: కరోనా టైంలో స్టూడియోలో జనమే లేరు కదా, అప్పుడేం చేశారు?

జవాబు: 2020లో కౌన్ బనేగా కరోడ్‌పతిలో ఆడియన్స్ పోల్ తీసేసి, ఫ్రెండ్‌కి వీడియో కాల్ చేసే లైఫ్‌లైన్ పెట్టారు.