తెల్ల ఐడా క్లాత్‌కి ఇంట్లో ముదురు నీలం వేయొచ్చా?

వేయొచ్చండి. నేను రెండుసార్లు పాడుచేసుకుని మూడోసారికి కుదుర్చుకున్నాను, కాబట్టి కాస్త ధైర్యంగానే చెబుతున్నాను. మీరు అడిగినవి మూడు: 14 కౌంట్ (అంగుళానికి 14 గళ్ళు ఉండే) తెల్ల ఐడా, అదే క్రాస్ స్టిచ్ కుట్టే గళ్ళ నూలు గుడ్డ, దాని మీద రాత్రి ఆకాశం డిజైన్ కుట్టడానికి నీలం ఇంట్లోనే వేసుకోవచ్చా, మచ్చలు పడకుండా ఎలా, ఉప్పూ వెనిగరూ వేస్తే రంగు నిలుస్తుందా అని.

ముందు ఆ చివరిది తేల్చేద్దాం. వెనిగర్ పనికొచ్చేది ఉన్నికి, పట్టుకి వాడే రంగులకి. నూలు గుడ్డకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఉప్పు నీళ్ళలో ఉన్న రంగుని గుడ్డ వైపు నెడుతుంది గానీ పట్టి ఉంచదు. ఎవరో చెప్పారని నేను మొదటిసారి ఉప్పు గుప్పిళ్ళతో పోసి, సగం సీసా వెనిగర్ కూడా వంపాను. రెండు రోజులు పుల్లటి వాసన వచ్చింది, రంగు మాత్రం ఉతికితే దిగిపోయింది.

మచ్చల సంగతికొస్తే, నా అనుభవంలో తప్పు రంగుది కాదు, గుడ్డలో ఉన్న గంజిది. ప్యాకెట్‌లోంచి తీసిన ఐడా అలా అట్టలా నిలబడేది ఆ గంజి వల్లే. నేను దాన్ని ఉతక్కుండా నేరుగా రంగులో ముంచితే మడత ఉన్న చోటల్లా తెల్లటి గీత మిగిలిపోయింది, సరిగ్గా గుడ్డ మధ్యలో పెద్ద కూడిక గుర్తులాగా. ఒక మూల బొటనవేలి ముద్ర కూడా! చేతికి క్రీమ్ రాసుకుని అదే చేత్తో పట్టుకున్నాను మరి, జిడ్డు అంటిన చోట రంగు ఎక్కలేదు. అందుకని ముందు బాగా వేడి నీళ్ళలో కొంచెం డిటర్జెంటు, ఒక చెంచా చాకలి సోడా వేసి అరగంట నానబెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించండి. ఆరాక దాని మీద ఒక్క నీటి చుక్క వేసి చూడండి. వెంటనే పీల్చుకుంటే సరే, పూసలా నిలబడితే ఇంకా గంజి ఉన్నట్టే, మళ్ళీ ఉతకాలి.

ఈ వేడి నీళ్ళకి గుడ్డ కొంచెం ముడుచుకుంటుంది, అదీ పడుగు వైపు ఒకలా, పేక వైపు ఇంకోలా. మీ డిజైన్ 140 కుట్ల వెడల్పు అనుకుంటే 14 కౌంట్ మీద 10 అంగుళాలు, ఫ్రేముకి రెండు పక్కలా మూడేసి కలిపితే 16, నేనైతే 18 కత్తిరిస్తాను. అంచులు పోగులు ఊడకుండా జిగ్‌జాగ్ కుట్టేయండి. లేబుల్ మీద నూరు శాతం కాటన్ అని ఉందో లేదో కూడా చూసుకోండి, పాలిస్టర్ కలిసిన గుడ్డకైతే ఈ రంగులు సగం సగంగానే పడతాయి.

రంగు కొనేటప్పుడు ఫైబర్ రియాక్టివ్ రకం, అంటే నూలు పోగుతో రసాయనికంగా అతుక్కుపోయే రకం అడగండి. ఇది 1956 నుంచీ మార్కెట్లో ఉన్న రకమే, మరిగించే పని లేదు. దీనికి తోడు కావాల్సింది సోడా యాష్, అంటే సోడియం కార్బొనేట్ పొడి. వంట సోడా సరిపోదు, దానికి అంత ఘాటు లేదు. పొడి కలిపేటప్పుడు మాస్క్, గ్లవ్స్ తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. వంటకి వాడే గిన్నెలూ గరిటెలూ దీనికి వాడొద్దు.

నేను చేసేది ఇది: తడి గుడ్డని ముద్దలా నలిపి, అది ఇరుకుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పావు లీటరు నీళ్ళలో రెండు టీస్పూన్ల పొడి కలిపి పైన పోస్తాను. అరగంట ఆగి, లీటరుకి 50 నుంచి 60 గ్రాముల లెక్కన కలిపిన సోడా యాష్ నీళ్ళు పోసి మూత పెట్టి రాత్రంతా వదిలేస్తాను. ఇలా చేస్తే రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా వస్తుంది. ఒకే షేడ్ కావాలంటే బకెట్ నిండా నీళ్ళు పెట్టుకుని, కదపడం ఆపకుండా గంట నిలబడాలి. మీ ఆకాశానికి ఆ కష్టం ఎందుకండీ, మబ్బులు ఊరికే వస్తుంటే! సోడా కలిసిన రంగు మాత్రం రేపటికి దాచుకోవద్దు, కొన్ని గంటల్లోనే దాని పస పోతుంది.

ఇక నా రెండో తప్పు. సోడా పడగానే రంగులో కొంత నూలు పోగుని పట్టుకుంటుంది, మిగిలింది నీటితో కలిసి పనికిరాకుండా పోతుంది. అలా పోయినదీ గుడ్డలోనే కూర్చుని ఉంటుంది, పైకి చూస్తే తేడా తెలీదు. నేను నాలుగుసార్లు చన్నీళ్ళలో జాడించి, అయిపోయిందనుకుని మూడు నెలలు కుట్టాను. చివర్లో ఉతికితే తెల్ల దారంతో కుట్టిన చందమామ లేత నీలంగా మారింది. ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను. కాబట్టి ముందు చన్నీళ్ళతో సోడా అంతా వదిలించి, ఆ తర్వాత చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో నానబెట్టి పారబోయండి, మళ్ళీ నానబెట్టండి. ముదురు నీలానికి నాకు ఆరేడుసార్లు పట్టింది. నమ్మకం కుదరకపోతే, అంచు తడిపి, దాని మీద తెల్ల కాటన్ ముక్క పెట్టి వేడి ఇస్త్రీ నొక్కండి. తెల్ల ముక్కకి నీలం అంటితే ఇంకో విడత వేడి నీళ్ళే.

షేడ్ తడి మీద చూసి టెన్షన్ పడొద్దు, ఆరితే బాగా లేతబడుతుంది. పూర్తిగా ఆరాక మీ దారాలన్నీ దాని మీద పరిచి చూసి, అప్పుడు సూది ఎక్కించండి. తెల్ల, పసుపు దారాలు రెండు పోగులతో కుడితే కింది నీలం తొంగిచూస్తుంది, వాటికి నేను మూడు పోగులు వాడతాను. ముదురు గుడ్డ మీద రంధ్రాలు కనపడక కళ్ళు లాగుతాయి, ఒళ్ళో తెల్ల తువ్వాలు పరుచుకుని కుట్టండి, రంధ్రాలు వెలుగులో చుక్కల్లా కనిపిస్తాయి.