ఎక్స్‌రే బాగుందన్నారు, మరి సీటీ ఎందుకు?

రాయగడ నుంచి అడిగిన తమ్ముడూ, మీ నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయి పన్నెండు రోజులైంది, ఈ ఉదయం ఉన్నట్టుండి ఆయాసం వచ్చింది అన్నారు. ఎక్స్‌రే శుభ్రంగా ఉందని చెప్పిన డాక్టరుగారే మళ్ళీ సీటీ స్కాన్ రాశారు, డబ్బుల కోసమేమో అని మీ అనుమానం. ముందు సీటీ తీయించండి. మిగతాది నాన్నగారు లోపల ఉన్నప్పుడు బయట కూర్చుని చదవండి.

నేను బరంపురంలో పదకొండేళ్ళుగా క్యాజువాల్టీ నర్సుని. ఆయాసంతో వచ్చిన మనిషికి ఆక్సిజన్ తక్కువగా ఉండి, ఎక్స్‌రే మాత్రం బాగుంటే మాకు భయం ఎక్కువవుతుంది. నిమ్ము చేసినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, గాలి లీకై ఊపిరితిత్తి ముడుచుకుపోయినా ఎక్స్‌రేలో చాలావరకు కనిపిస్తుంది. కాలి నరంలో గడ్డకట్టిన రక్తం పైకి వెళ్ళి ఊపిరితిత్తుల రక్తనాళంలో ఇరుక్కుంటే తరచుగా ఏమీ కనిపించదు. గాలి లోపలికి వస్తూనే ఉంటుంది, దాన్ని అందుకోవలసిన రక్తమే అక్కడికి చేరదు. రంగు మందు ఎక్కించి తీసే సీటీలో ఆ అడ్డు కనిపిస్తుంది.

ఇది మా అమ్మ విషయంలో చూశాను. మాది పర్లాకిమిడి. పెరటి మెట్ల మీద జారి చీలమండ దగ్గర ఎముక చిట్లింది, మోకాలి కింద నుంచి కట్టు వేశారు. మూడు వారాలు మంచం మీదే ఉంది. ఒక పొద్దున బాత్రూంకి వెళ్ళి వచ్చి కూర్చుంది. "ఒరే... ఆ కిటికీ... తియ్యి..." అని మూడు ముక్కలుగా అందట. తమ్ముడు దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరుకి తెలుగు రాదు. అమ్మ "గుండెల్లో బరువు, ఆయాసం" అంటే వీడు కంగారులో ఒడియాలో "గ్యాస్ హేఇచి" (గ్యాస్ పట్టింది) అని చెప్పాడు. గ్యాస్‌కి ఇంజెక్షన్ చేసి, నెబ్యులైజర్ పెట్టి పంపేశారు. "నిశ్వాస నేబాకు కష్ట హేఉచి" (ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంది) అని ఉంటే ఆ డాక్టరు ఇంకో ప్రశ్న అడిగేవారేమో. కాలి కట్టు గురించి మాత్రం ఎవరూ అడగలేదు, మావాడూ చెప్పలేదు.

సాయంత్రం బస్సు దిగి ఇంటికి వెళ్ళేసరికి పల్స్ 124, ఆక్సిజన్ 88. స్టెతస్కోప్ పెడితే రెండు వైపులా గాలి చక్కగా వినిపిస్తోంది, పిల్లికూతల్లేవు. కట్టు కింద కాలివేళ్ళు ఉబ్బి నిగనిగలాడుతున్నాయి. రాత్రికి రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "ఈ నెలలో ఎన్ని రోజులు మంచం మీద ఉంది?" కట్టు కోయించి, రెండు పిక్కల చుట్టూ టేపు పెట్టి కొలిచింది. నాలుగు సెంటీమీటర్ల తేడా. సీటీకి పంపుతూనే గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ మందు మొదలుపెట్టించింది. రిపోర్టులో రెండు వైపులా గడ్డలున్నాయి. అమ్మ బతికింది. ఇప్పుడు నడుస్తోంది కూడా.

డీ-డైమర్ అనే చవక రక్తపరీక్ష ఉంది కదా, అది సరిపోదా అని కూడా అడిగారు. అనుమానం తక్కువగా ఉన్నవాళ్ళలో గడ్డ లేదని తేల్చడానికి అది బాగా పనికొస్తుంది. ఆపరేషన్ తర్వాత గడ్డ లేకపోయినా అది ఎలాగూ పెరిగే ఉంటుంది కాబట్టి మీ నాన్నగారికి దానితో ఏమీ తేలదు.

ఆయాసమంతా గడ్డలే అనుకోకండి. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి, పడుకోలేక కూర్చునే పెద్దాయన విషయంలో మేం ముందు గుండెను అనుమానిస్తాం. అందులోనూ పిల్లికూతలు వినిపిస్తాయి, అందుకే ఆస్తమా అని పొరపడతారు. సుగర్ బాగా పెరిగి రక్తం ఆమ్లంగా మారితే ఎగశ్వాస వస్తుంది, ఆక్సిజన్ మాత్రం మామూలుగానే ఉంటుంది. మన ఏజెన్సీ వైపు ఇంకొకటి ఉంది. రాత్రి నేల మీద పడుకుని, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వచ్చి ఊపిరి ఆడకపోతే కట్లపాము కాటేమో చూడాలి. ఒడియాలో చితి సాప అంటారు. కాటు గుర్తు కనిపించకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు. ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, ఛాతీని కదిలించే కండరాలు చచ్చుబడతాయి. అలాంటి వాళ్ళని మంత్రగాడి దగ్గర ఆపకండి. విషానికి ఇంజెక్షన్, వెంటిలేటర్ ఉన్న చోటికే తీసుకెళ్ళాలి.

మీ నాన్నగారిని సీటీ గది దాకా నడిపించకండి, స్ట్రెచర్ అడగండి. కిడ్నీ జబ్బు ఉన్నా, సుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నా, ఇంతకుముందు ఏ మందైనా పడకపోయినా రంగు మందు ఎక్కించకముందే చెప్పండి. వాడే మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసి దగ్గర పెట్టుకోండి. ఆయాసం ఎన్ని గంటలకు, ఏం చేస్తుండగా మొదలైందో కాగితం మీద రాసి ఇవ్వండి. ఒడియాలో చెప్పడం కష్టమైతే తెలుగు తెలిసిన సిస్టర్‌ని పిలవమనండి, మన ఆసుపత్రుల్లో ఎవరో ఒకరు ఉంటారు.

రిపోర్టు రాగానే ఇక్కడ రాయండి. ఈ రాత్రి డ్యూటీలోనే ఉంటాను.