ఆన్‌లైన్ సెమిస్టర్‌లో తొలిసారి పాఠం చెప్పబోతున్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ మెసేజ్ చూశాను. ఉద్యోగంలో చేరడమే కరోనా సెమిస్టర్‌లో చేరావు, పిల్లల్ని ఒక్కసారి కూడా ఎదురుగా చూడకుండానే పాఠం మొదలుపెట్టాలి, పైగా మీ డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ) గారు "స్టూడెంట్స్ వెల్‌బీయింగ్ కూడా కాస్త చూసుకోమ్మా" అని ఒక మాట అనేసి చేతులు దులుపుకున్నారు. నువ్వు రాసుకున్న ప్లాన్ కూడా చదివాను. మోటివేషనల్ స్పీకర్‌తో వెబినార్, శుక్రవారం సాయంత్రం ధ్యానం, పాజిటివ్ థింకింగ్ పోస్టర్ల పోటీ. ఏమీ అనుకోకు, అవన్నీ పక్కన పెట్టెయ్. పొద్దుటి నుంచి స్క్రీన్ చూసి కళ్లు మండుతున్న పిల్లాడికి ఒత్తిడి ఎలా తగ్గించుకోవాలో ఇంకో గంట స్క్రీన్ మీదే చెప్తామంటే వాడు లాగిన్ అయ్యి, మ్యూట్‌లో పెట్టి, వెళ్లి పడుకుంటాడు. పడుకుంటే పడుకున్నాడు, అదొక్కటే ఆ వెబినార్ వల్ల లాభం.

నీ చేతిలో వాటికన్నా బలమైనవి ఉన్నాయి. వారానికి ఎన్ని అసైన్‌మెంట్లు ఇవ్వాలి, గడువు ఎప్పుడు పెట్టాలి, అటెండెన్స్ విషయంలో ఎంత పట్టుబట్టాలి, ఇవన్నీ చాలావరకు నువ్వు నిర్ణయించేవే కదా. పిల్లల టెన్షన్ ఎక్కువగా పుట్టేది కూడా అక్కడే. కాబట్టి ముందు నీ సిలబస్ కాగితం తీసి ముందు పెట్టుకో.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాని మహమ్మారి అని ప్రకటించాక, నెల తిరిగేసరికి ప్రపంచం మొత్తం మీద 150 కోట్ల మందికి పైగా విద్యార్థులకు బడులు, కాలేజీలు మూతపడ్డాయని యునెస్కో లెక్క చెప్పింది. అప్పుడు అందరికీ కంగారు, అందుకే అందరూ కాస్త చూసీ చూడనట్టు వదిలేశారు. ఇప్పుడు అలా కాదు. "పిల్లలకి అలవాటైపోయింది" అనే మాట స్టాఫ్ మీటింగుల్లో తరచూ వినిపిస్తోంది. అలవాటు కాలేదు, చెప్పడం మానేశారు, అంతే.

ఆన్‌లైన్‌లో జరిగే తమాషా ఏంటంటే, పిల్లలు వింటున్నారో లేదో మనకు కనపడదు కాబట్టి ప్రతి లెక్చరరూ ఒక చిన్న పని ఇస్తారు. చిన్న క్విజ్, చిన్న వీడియో, చిన్న సమ్మరీ. ఇచ్చే మనకు అది పావుగంట పనే. అయిదారు సబ్జెక్టులవాళ్లూ అలాగే అనుకుంటే పిల్లల నెత్తిన వారానికి పదిహేను సబ్మిషన్లు పడతాయి, అందులో ఏది ఏ రోజుకో గుర్తుపెట్టుకోవడమే ఒక సబ్జెక్టయి కూర్చుంటుంది. నువ్వు చెయ్యాల్సిన మొదటి పని, ఆ సెక్షన్‌కి చెప్పే వాళ్లందరితో ఒకే షీటు ఓపెన్ చేయించి గడువులన్నీ అందులో రాయించడం. కొత్తదానివి, అడగడానికి మొహమాటం ఉంటుంది, నాకు తెలుసు. అయినా అడుగు. ఒకే శుక్రవారం మీద నాలుగు గడువులు పడ్డాయని కళ్లారా చూస్తే ఎవరో ఒకరు జరుపుకుంటారు.

నీ సబ్జెక్టు వరకు వారానికి ఒకటే సబ్మిషన్, ఎప్పుడూ అదే రోజు, అదే టైము. ఆ టైము రాత్రి 11:59 మాత్రం పెట్టకు. అర్ధరాత్రి గడువంటే అర్ధరాత్రి దాకా మేలుకోమని మనమే చెప్పినట్టు. ఈ వయసువాళ్లకి రాత్రికి ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలి. ఇంట్లో పగలూ రాత్రీ ఒకేలా అయిపోయిన రోజుల్లో అసలే అది చెదిరిపోయి ఉంటుంది. సాయంత్రం ఆరింటికి పెట్టు.

ఇంకో సంగతి, సెమిస్టర్ మొత్తంలో ప్రతి ఒక్కరికీ రెండుసార్లు కారణం అడగని పొడిగింపు ఇవ్వు. మూడేసి రోజులు. మెయిల్ అక్కర్లేదు, మెడికల్ సర్టిఫికెట్ అక్కర్లేదు, ఫారంలో టిక్ పెడితే చాలు. అడిగినవాళ్లకి ఇస్తాలే అనుకుంటావేమో. అడగగలిగేవాళ్లు ఎప్పుడూ కాస్త ధైర్యం ఉన్నవాళ్లే. నిజంగా మునిగిపోతున్నవాడు మేడమ్‌కి మెయిల్ ఎలా రాయాలో ఆలోచిస్తూనే గడువు దాటించేస్తాడు, ఆ తర్వాత సిగ్గుతో క్లాసుకి రావడం కూడా మానేస్తాడు. అందరికీ ముందే ఇచ్చేస్తే ఆ సిగ్గు ఉండదు. వాడుకుంటారు, కొందరు దుర్వినియోగం కూడా చేస్తారు, చెయ్యనీ.

మార్కుల దగ్గర ఇంత ఉదారం ఏమిటని ఎవరైనా అంటే, ఎంఐటీ, హార్వర్డ్ లాంటివే 2020 వసంత సెమిస్టర్‌లో మామూలు గ్రేడ్లు పక్కన పెట్టి పాసయ్యారా లేదా అన్నంతవరకే చూశాయని చెప్పు. వాటి పరువేమీ పోలేదు.

కెమెరా సంగతి. "అందరూ కెమెరాలు ఆన్ చెయ్యండి" అని మొదటి రోజే అనకు. నల్ల డబ్బాలతో మాట్లాడటం కష్టమే, ఒప్పుకుంటాను, గోడకి పాఠం చెప్పినట్టే ఉంటుంది. కానీ అవతల ఆ గదిలో ఇంకా ఎవరెవరు ఉన్నారో, ఎవరు జ్వరంతో పడుకున్నారో నీకు తెలీదు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బైలెన్సన్ 2021 ఫిబ్రవరిలో వచ్చిన వ్యాసంలో ఈ వీడియో అలసటకి నాలుగు కారణాలు చెప్పాడు: అన్ని మొహాలూ దగ్గరగా మనల్నే చూస్తున్నట్టుండటం, మన మొహం మనకే పొద్దస్తమానం కనపడటం, కదలకుండా ఒకేచోట కూర్చోవడం, సైగలూ తలూపడాలూ లేని లోటు పూడ్చుకోవడానికి బుర్ర అదనంగా పనిచెయ్యడం. నీకూ ఇవే వర్తిస్తాయి, నీ బొమ్మ నీకు కనపడకుండా దాచుకునే ఆప్షన్ ఉంటుంది, వాడుకో. నలభై నిమిషాలు చెప్పి ఆపెయ్. క్లాసు రికార్డు చేసి, వీడియోతో పాటు ఆడియో కూడా విడిగా పెట్టు. నెట్ సరిగ్గా లేనివాళ్లకి, డేటా లెక్క చూసుకునేవాళ్లకి ఆడియో ఒక్కటే దిక్కవుతుంది. నడుస్తూ వినొచ్చు కూడా.

ఇప్పుడు అసలు సంగతి. క్లాసులో గొడవ చేసేవాడి గురించి, ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేవాడి గురించి బెంగ పెట్టుకోకు, నువ్వు చూడాల్సింది చప్పుడు లేకుండా జారిపోయేవాళ్లని. కాలేజీలో అయితే వరండాలో మొహం చూసి పట్టేసేవాళ్లం. ఇక్కడ నీకు మిగిలిన ఆనవాళ్లు కొన్నే: ఎవరు లాగిన్ కావడం మానేశారు, ఎప్పుడూ పెట్టేవాడు చాట్‌లో గుడ్ మార్నింగ్ పెట్టడం ఎప్పుడు ఆపేశాడు, ఫైళ్లు ఏ టైముకి అప్‌లోడ్ అవుతున్నాయి. వారానికోసారి ఒక అరగంట కూర్చుని అవి చూడు. నా క్లాసులో ఒకమ్మాయి పనులన్నీ వరసగా తెల్లవారుజామున మూడున్నర, నాలుగుకి వచ్చేవి. చక్కగా చేసేది, మార్కులు చూస్తే ఏ సమస్యా లేదు. "రాత్రి ఎన్నింటికి పడుకున్నావమ్మా?" అని అడిగాను. ఇంట్లో ల్యాప్‌టాప్ ఒక్కటే, పగలు వాళ్ల అమ్మ ఆఫీసు పనికి, సాయంత్రం తమ్ముడి క్లాసులకి, అందరూ పడుకున్నాక దీని వంతు. చేత్తో రాసి ఫోన్‌తో ఫోటో తీసి పంపమన్నాను. అంతే, ఆ మరుసటి వారం నుంచి ఫైళ్లు సాయంత్రాలే వచ్చాయి. దానికి కావలసింది కౌన్సెలింగ్ కాదు, టైపు చెయ్యాలన్న రూలు ఎత్తెయ్యడం.

"ఎలా ఉన్నావు?" అని అడక్కు, "బాగున్నాను మేడమ్" అంటారు. నిద్ర, తిండి, ఇంట్లో ఎవరున్నారు, ఇలాంటివి అడుగు. రెండు క్లాసులు రానివాడికి "ఎందుకు రాలేదు?" అని రాస్తే సంజాయిషీ అడిగినట్టుంటుంది, జవాబు రాదు. ఇలా రాసి చూడు: "ఈ వారం నువ్వు క్లాసులో కనపడలేదు, గుర్తొచ్చి మెసేజ్ చేస్తున్నా. అటెండెన్స్ కోసం కాదు. మిస్సయిన రెండిట్లో మొదటి పాఠం నోట్సు చూస్తే చాలు, జత చేశాను. మాట్లాడాలనుంటే రేపు నాలుగు నుంచి అయిదు దాకా ఫోన్ దగ్గరే ఉంటాను, ఓపిక లేకపోతే ఒక బొటనవేలు ఎమోజీ పెట్టు, చూశావని తెలుస్తుంది." అందరికీ కలిపి గ్రూపులో పెట్టకు, పేరు పెట్టి ఒక్కొక్కరికీ విడిగా పంపు. ఆ బొటనవేలు ఎమోజీ పెట్టినవాడు తర్వాతి వారం వస్తాడు, చాలామందిలో చూశాను.

కరోనా వచ్చి తగ్గినవాళ్లని నెగెటివ్ రాగానే మామూలైపోయారనుకోకు. నీరసం, దేని మీదా ధ్యాస నిలవకపోవడం కొందరికి వారాలూ నెలలూ ఉంటాయి. పాత బకాయిలన్నీ ఒకేసారి పూర్తి చెయ్యమనకు, కొన్ని మాఫీ చేసి మిగతావాటి నుంచి మొదలుపెట్టించు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న పిల్లల్ని రుజువు కాగితాలు అడగకు. "ధైర్యంగా ఉండు", "నువ్వే ఇంటికి పెద్ద దిక్కువి" లాంటివి అసలు వద్దు. పోయినవాళ్ల గురించి వాళ్లు చెప్తే విను, అంతే. వాళ్ల అనుమతి తీసుకుని మిగతా లెక్చరర్లకి నువ్వే చెప్పు, అదే కథ ఆరుగురికి ఆరుసార్లు చెప్పుకునే బాధ తప్పుతుంది.

ఫస్టియర్ పిల్లలది ఇంకో రకం కష్టం, వాళ్లకి స్నేహితులే లేరు. బ్రేక్‌అవుట్ రూముల్లో, అంటే ఆన్‌లైన్ క్లాసుని చిన్న చిన్న గుంపులుగా విడదీసే గదుల్లో, ప్రతిసారీ కొత్తవాళ్లతో కలుపుతుంటే పేర్లు చెప్పుకునేసరికే టైము అయిపోతుంది. నలుగురేసి చొప్పున గుంపులు చేసి సెమిస్టర్ పొడుగునా మార్చకు. మొదటి పది నిమిషాలు నువ్వు ఆ రూముల్లోకి తొంగి చూడకు. ఏం మాట్లాడుకున్నా మంచిదే.

ఇక కాస్త బరువైన మాట. అమెరికాలో రొనాల్డ్ కెస్లర్ బృందం 2005లో ప్రచురించిన పెద్ద సర్వేలో, జీవితంలో ఎప్పుడైనా వచ్చే మానసిక సమస్యల్లో నాలుగింట మూడు వంతులు 24 ఏళ్ల లోపే మొదలవుతాయని తేలింది. అంటే మహమ్మారి లేకపోయినా మన పిల్లలది ఆ వయసే. ఎవరైనా "నేను లేకపోయినా ఎవరికీ తేడా ఉండదు మేడమ్" అన్నట్టుగా ఏదైనా రాస్తే, నవ్వుతూ అన్నా సరే, దాన్ని దాటెయ్యకు. ఫోన్ చెయ్. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని భయపడతారు, అలా జరగదు, అడగడం వల్ల చాలామందికి బరువు దిగుతుంది. అవునంటే ఏమైనా ఏర్పాటు చేసుకున్నాడా, దగ్గర ఏముంది అని కూడా అడుగు. ఎవరికీ చెప్పనని మాట మాత్రం ఇవ్వకు. లైన్‌లోనే ఉండి, పక్కన ఎవరున్నారో కనుక్కుని వాళ్లని గదిలోకి పిలిపించి, కౌన్సెలర్‌కో ఎమర్జెన్సీ నంబరుకో కలుపు. అక్కడితో నీ పాత్ర చాలావరకు అయిపోతుంది తల్లీ, వైద్యం నీ పని కాదు, రాత్రంతా ఒక్కదానివే మొయ్యకు.

అందుకే మొదటి వారంలోనే ఒక చిన్న ఫారం నింపించు. ఆన్‌లైన్‌లో పిల్లాడు ఎక్కడున్నాడో మనకి తెలీదు, ఆఫీసులో ఉన్న అడ్రసు పాతది కావచ్చు. ఈ సెమిస్టర్ ఎక్కడ ఉంటున్నాడు, అవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి (అమ్మానాన్నలే కానక్కర్లేదు, తను నమ్మే మనిషి), నెట్, ఫోన్, ల్యాప్‌టాప్ సంగతేంటి. ఈ మూడూ చాలు. ఒత్తిడి ఒకటి నుంచి పది వరకు ఎంత అని అడిగే ప్రశ్న తీసెయ్, ఎనిమిది అని రాస్తే నువ్వేం చేస్తావు?

నీ విషయానికొస్తే, రాత్రి ఎనిమిది తర్వాత మెసేజ్‌లకి జవాబివ్వనని మొదటి రోజే చెప్పు, అత్యవసరమైతే మాత్రం ఫోన్ చెయ్యమను. ముందు ఒకరిద్దరు నొచ్చుకుంటారు, తర్వాత వాళ్లే సర్దుకుంటారు.

ఆ ఫారం ఇవాళే తయారు చేసి నాకు పంపు, చూసి చెప్తాను. సోమవారం క్లాసు చివర్లో అయిదు నిమిషాలు దానికే వదిలెయ్, ఇంటికెళ్లి నింపుతాం అనే మాట ఆన్‌లైన్‌లో కుదరదుగా. గడువుల షీటు గురించి మీ సీనియర్లు ఎవరైనా విసుక్కుంటే నా పేరు చెప్పు, వాళ్లలో ఇద్దరు నా స్టూడెంట్లే.