ఐ ట్రాకింగ్ కోర్సు కట్టాలా, వెబ్ డెవలప్‌మెంట్ నేర్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్. ఐ ట్రాకింగ్ అని, మనిషి చూపు స్క్రీన్ మీద ఎక్కడుందో కెమెరాతో పట్టేదట, దాని మీద ప్రాజెక్ట్ చేస్తాడట, దానికి వేరే కోర్సు కట్టమంటున్నాడు. వెబ్ డెవలప్‌మెంట్ మేలా, ఇది మేలా? కోడ్ కూడా లైన్ లైన్ పట్టుకుని చాలా స్లోగా చదువుతాడు, అసలు వీడు సాఫ్ట్‌వేర్‌కి పనికొస్తాడా? — ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సు గురించే గానీ గుబులంతా ఆ చివరి మాటలో ఉంది, కాబట్టి ముందు దానికే చెప్తా. 2015లో వచ్చిన ఒక రీసెర్చ్‌లో కొత్తగా నేర్చుకునేవాళ్లనీ అనుభవమున్న ప్రోగ్రామర్లనీ ఐ ట్రాకర్ ముందు కూర్చోబెట్టి కోడ్ చదివించారు. కొత్తవాళ్ల చూపు చాలావరకు పైనుంచి కిందికి వరసగానే పోయింది, సీనియర్లది అంత వరసగా పోలేదు. అంటే మీవాడు ఉండాల్సిన చోటే ఉన్నాడు, కోడ్ రాసేకొద్దీ ఆ చూపు అదే మారుతుంది. "పనికొస్తాడా" అన్న మాట మాత్రం వాడి ముందు అనకండి, ఇప్పటికే అనేసుంటే ఇక ఆపండి.

ఇక కోర్సు. నాకు దీనిమీద అనుమానాలే ఎక్కువ. ఐ ట్రాకర్‌ చేసే పని ఇంతే: కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ లైట్ కంటి మీద పడి మెరిసే చుక్కనీ కంటిపాపనీ కెమెరా పట్టుకుని చూపు ఎక్కడుందో లెక్కగడుతుంది, అంతవరకే. ఒక లైన్ మీద చూపు ఆగిపోయిందంటే అర్థం కాక ఆగిందా, కోడ్‌లో తప్పు (బగ్) దొరికి ఆగిందా, పరధ్యానమా, అది మెషీన్ చెప్పదు. పైగా స్క్రోల్ చేస్తే అదే చోట వేరే లైన్ ఉంటుంది, చూపుని సరైన లైన్‌కి కలపడానికి ఐట్రేస్ లాంటి ప్లగిన్లు, అంటే కోడ్ రాసే సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు, రాయాల్సొచ్చింది, అది మామూలు సాఫ్ట్‌వేర్ పనే కదా. 2024లో తలకి పెట్టుకుని చూపుతో నడిపే ఆపిల్ విజన్ ప్రో వచ్చాక అందరికీ ఈ మోజు పట్టుకుంది గానీ, దానికి యాప్ రాసేవాళ్లకి యూజర్ ఎటు చూస్తున్నాడన్న డేటా ఆపిల్ ఇవ్వనే ఇవ్వదు, వేళ్లతో ట్యాప్ చేశాకే దేన్ని సెలెక్ట్ చేశాడో తెలుస్తుంది. అచ్చంగా ఈ పనికే తీసుకునే ఉద్యోగాలు తక్కువ, అక్కడా అడిగేది ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ విజన్ (కెమెరా బొమ్మల్లో ఏముందో కంప్యూటర్ చేత గుర్తింపజేయడం).

పోలిక అడిగారుగా, చూడండి, వెబ్‌గేజర్ అని ఐ ట్రాకింగ్‌కి ఫ్రీ లైబ్రరీ (మన ప్రోగ్రామ్‌లో వాడుకునే రెడీమేడ్ కోడ్) ఉంది, మామూలు వెబ్‌క్యామ్‌తో బ్రౌజర్‌లోనే నడుస్తుంది, రాసేది వెబ్ డెవలప్‌మెంట్‌లో వాడే జావాస్క్రిప్ట్ భాషలోనే. వెబ్ నేర్చుకుంటేనే ఇది కూడా చేయగలడు. తల కాస్త కదిపితే స్క్రీన్ మీద చూపుని చూపించే చుక్క ఎటో పోతుంది, దాన్ని దారికి తెచ్చుకోవడంలో తలబద్దలు కొట్టుకోనివ్వండి, కోర్సులో నేర్పేదానికంటే ఎక్కువే వస్తుంది. ఫీజు కట్టకండి, ప్రాజెక్ట్‌కి అడ్డుపడకండి. ఫ్రెండ్స్‌ని కూర్చోబెట్టి వాళ్ల చూపు రికార్డ్ చేసేటట్టయితే మాత్రం ముందే అడిగి పర్మిషన్ తీసుకోమనండి.