మెత్తగా ఉంటే స్టాఫ్ నెత్తికెక్కుతారా?

ప్రశ్న: మాది ఆదోని. ప్రమోషన్ మీద దగ్గర్లోని పల్లె హైస్కూలుకు హెడ్మిస్ట్రెస్‌గా వచ్చి ఏడాది దాటింది. లెక్కల మేడం, నేను ఒకే డీఎస్సీ వాళ్లం, పొద్దున ఒకే ఆటోలో వస్తాం. ఆమె కొడుక్కి నడక సమస్య. వారంలో రెండు మూడు రోజులు ఫిజియోథెరపీకి తీసుకుపోవాలని మధ్యాహ్నం అన్నాల తర్వాత వెళ్లిపోతుంది. పాపమని ఊరుకున్నాను, స్టాఫ్‌కు ఏమీ చెప్పలేదు. ఆమె పీరియడ్లు వీలైనన్ని నేనే చెప్తున్నా. మొన్న స్టాఫ్ మీటింగులో సోషల్ సారు లేచి ‘మీ వాళ్లకొక రూలు, మాకొక రూలా?’ అన్నాడు. అప్పటినుంచి నేను ఆటో ఎక్కితే మాటలు ఆగిపోతున్నాయి. మా ఆయన ‘మెత్తగుంటే నెత్తికెక్కుతారు, మెమోలియ్యి’ అంటాడు. రాత్రుళ్లు నిద్ర లేదు. ఇంట్లో పిల్లల మీద అరుస్తున్నా. మంచితనంతో స్కూలు నడపలేనా?
– ఒక హెడ్మిస్ట్రెస్, కర్నూలు జిల్లా

జవాబు: నడపగలరమ్మా. మీ మెత్తదనంలో నాకు తప్పేమీ కనిపించలేదు. నన్ను కలవరపెట్టింది వేరే సంగతి. ఆ మేడం ఎందుకు వెళ్తోందో, ఏ లెక్కన వెళ్తోందో స్టాఫ్‌లో ఎవరికీ తెలియదు. మీరు చెప్పలేదు, ఆమె చెప్పలేదు. పదిమంది కళ్లముందు జరిగేదానికి మనం కారణం చెప్పకపోతే వాళ్లే ఒకటి కల్పించుకుంటారు. ఒకే డీఎస్సీ, ఒకే ఆటో, ఇంకేం వెతకాలి? సోషల్ సారు మాట కటువుగానే ఉంది, కానీ మీ ముఖం మీదే అన్నాడు. వెనకాల అనుకునేవాళ్లకంటే ఆయన మీకు మేలే చేశాడని నేననుకుంటున్నాను.

ఇంకొక మాట, మీకు నొప్పి కలిగినా చెప్పాలి. ఆమె మీద మీరు చూపుతున్న దయకు ఖర్చు ఎవరు భరిస్తున్నారు? కొంత మీరు. మిగతాది పదో తరగతి పిల్లలు. ‘వీలైనన్ని’ చెప్తున్నానన్నారు, అంటే వీలుకానివి పోతున్నట్టే కదా! మీ దిక్కు పల్లెల సంగతి మీకు తెలియనిదా? కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు నుంచి పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయే ఇళ్లు ఎన్నో. అమ్మానాన్న అక్కడ, తాను అవ్వ దగ్గర ఉండి చదువుకునే పిల్లకు, బడిలో పోయిన లెక్కల పీరియడు ఇంటికాడ ఎవరు చెప్తారు? మీ దయలో ఆ పిల్లకూ వాటా ఉంది.

అలాగని ఆ తల్లిని నిలదీయమనను. ఆమె కష్టం నిజం. నిజమైన కష్టానికి చాటుదారి ఎందుకు? వెళ్లే రోజు పూట సీఎల్ (క్యాజువల్ లీవు) రాసి వెళ్లొచ్చు. ఆడ టీచర్లకు మామూలు సీఎల్‌కు తోడు ఏడాదికి 5 అదనంగా ఉన్నాయి. మన రాష్ట్రంలో మహిళా ఉద్యోగుల చైల్డ్ కేర్ లీవును 2022లో 60 రోజుల నుంచి 180కి పెంచారు, దాన్ని విడతలుగా వాడుకోవచ్చు. ఇవన్నీ ఉండగా రాతకోతలు లేకుండా వెళ్తూ ఉంటే, తనిఖీకి వచ్చినరోజు దొరికిపోయేది ఆమే. పొద్దున హాజరు పడి, మధ్యాహ్నం మనిషి లేకపోతే అప్పుడు మీరెలా కాపాడతారు?

మీ చేతిలో ఉన్నది టైంటేబులు. ఆమె పదో తరగతి పీరియడ్లన్నీ పొద్దున పూటకు మార్చండి. ఫిజియోథెరపీ ఏయే రోజుల్లోనో ఖాయం చేసుకోమనండి. ఆమె లేని పూట కింది తరగతులు ఎవరు చూడాలో రాసిపెట్టండి, అన్నీ మీ నెత్తినే వేసుకోకండి.

ఈ సంగతి ఆటోలోనో స్టాఫ్‌రూములోనో ఎత్తొద్దు. వాళ్లింటికి పోండి. ఆ బాబును పలకరించండి, ఎలా నడుస్తున్నాడో చూడండి. ఆ తర్వాత చెప్పండి: ‘నిన్ను కాపాడుతున్నాననుకుని నీ పేరు నలుగురి నోళ్లలో పడేశాను. ఇకమీద లీవు రాసి వెళ్దువు. పదో తరగతి నీకు పొద్దునే పెడతాను. బాబు గురించి స్టాఫ్‌కు ఎంతవరకు చెప్పమంటావు?’ ఆ ఆఖరి ప్రశ్న మాత్రం మరవొద్దు. బిడ్డ ఆరోగ్యం గురించి ఎవరికి ఏం చెప్పాలన్నది ఆమె ఇష్టం. వద్దంటే, ‘ఇంట్లో ఇబ్బంది ఉంది, ఇకనుంచి లీవు పెట్టి వెళ్తుంది’ అన్నంతవరకే చెప్పండి.

మీటింగు పెట్టేముందు సోషల్ సారును విడిగా పిలిచి, ఆయన అడిగింది న్యాయమేనని ఒప్పుకోండి. మీటింగులో ఎక్కువ మాట్లాడనక్కర్లేదు. ఇన్నాళ్లూ చెప్పకపోవడం నాదే పొరపాటు, రేపు మీలో ఎవరికి కష్టం వచ్చినా ఇదే పద్ధతి, అంటే చాలు. అలా అన్నాక నిలబడాలి. పీఈటీ సారు తండ్రికి ఆపరేషనంటే అప్పుడూ ఇదే ఓపిక చూపించాలి.

సోషల్ సారుకు ఒక పని కూడా అప్పగించండి. సుగ్గికి పోయే ఇళ్లలో పదో తరగతి పిల్లలెవరు, వాళ్లలో ఎవరిని అవ్వాతాతల దగ్గర ఉంచొచ్చు, ఎవరికి వలసవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్ చూడాలి అన్నది ఆయన చేతికివ్వండి. నిలబడి అడిగే మనిషి తల్లిదండ్రులతోనూ గట్టిగా మాట్లాడగలడు. ఇచ్చాక వదిలేయండి. రోజూ రాత్రి ఫోను చేసి ఎంతవరకు వచ్చిందని అడిగితే ఆయనకు కాపలా పెట్టినట్టుంటుంది. వారానికోసారి కూర్చోండి, చాలు.

మీ ఆయన చెప్పిన మెమోను నేను తీసిపారేయను. ఎదురుగా చెప్పి, ఒప్పుకున్నాక కూడా మళ్లీ రాయకుండా వెళ్తే ఇవ్వాల్సిందే, స్నేహితురాలైనా సరే. అయితే ఆ కాగితం చూసి తన తప్పేంటో మొదటిసారి తెలుసుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

ఇంటి సంగతి. పిల్లల మీద అరిచిన రాత్రి, ‘స్కూల్లో కోపం మీమీద చూపించాను, మీ తప్పు లేదు’ అని వాళ్లకు చెప్పండి, పిల్లలు అర్థం చేసుకుంటారు. మీ ఆయనతో కూడా, ‘నాకు ఉపాయం వద్దు, కాసేపు విను’ అనండి. ఇవన్నీ చేశాక కూడా నిద్ర పట్టకపోతే డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

లెక్కల మేడం మొదట నొచ్చుకోవచ్చు. ‘హెడ్మిస్ట్రెస్ అయినాక మారిపోయినావు’ అన్నా అంటుంది. ఆమెతో వాదించకండి, అలాగని పాత పద్ధతికీ ఒప్పుకోకండి. కొత్త టైంటేబులు, లీవు ఫారం ఆమె చేతిలో పెట్టి, టీ తాగి రండి.